ట్రినిటీ ఏటికి అరటిపళ్లతో

మా ఆయన సూర్యం గారికి చేపలంటే పిచ్చి అని ఫ్రీమాంట్‌లో మా స్నేహితులంతా అనుకుంటారు. చేపలంటే కాదు, ఒక్క చేపంటే. దాని పేరు స్టీల్‌హెడ్. ఆరేళ్లుగా ప్రతి నవంబర్లో ఆఫీసు స్నేహితులతో కలిసి కాలిఫోర్నియా ఉత్తరాన ఉన్న ట్రినిటీ ఏటికి వెళ్తారు. పగిలిన పెదాలతో, బురద బూట్లతో తిరిగొస్తారు. చేప మాత్రం ఒక్కసారీ పడలేదు. ఒక ట్రిప్పుకి అయ్యే ఖర్చుతో ఇండియన్ స్టోర్‌లో ఏడాది పొడుగునా వంజరం కొనుక్కోవచ్చు కదా అంటే, "నిజమే" అని ఒప్పుకుని మరుసటేడు మళ్లీ వెళ్తారు.

ఈ ఏడు సంగతి వేరు. ఆయన కుడి భుజం లోపల చిరుగు పడింది. డిసెంబర్లో సర్జరీ. "చెయ్యి మామూలు పనులకి వస్తుంది. రోజంతా గాలం రాడ్ విసరడం గురించి మాత్రం నేనిప్పుడు మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. చేప పడకపోతేనేం అని ఆరేళ్లూ ఎగతాళి చేసిన నాకు, ఆయన చేతికి ఒక్కటంటే ఒక్కటి పడితే చూడాలని అప్పుడు పుట్టింది. "ఈసారి నేనూ వస్తాను" అన్నాను.

స్టీల్‌హెడ్ అంటే ఏమిటో దారి పొడుగునా చెప్పించుకున్నాను. ఏట్లో పుట్టిన ట్రౌట్ చేపల్లో కొన్ని అక్కడే ఉండిపోతాయట. కొన్ని సముద్రానికి పోయి, బలిసి, వెండి రంగు తేలి, మళ్లీ పుట్టిన ఏటికే ఎదురీదుకుంటూ వస్తాయట. అవే స్టీల్‌హెడ్. గోదారి జిల్లాలో పుట్టిన మనిషికి ఇందులో వింతేముంది? సముద్రంలో విలసగా తిరిగేది గోదారి ఎర్రనీళ్లకి ఎదురొచ్చాక పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మనవాళ్లు. తినడానికే కదా అన్నారు. అందుకని నేను మట్టి దాక, చింతపండు, బెండకాయలు, మా వదిన పంపిన కారం సర్దుకున్నాను. శనివారం సాయంత్రం అక్కడ అద్దెకి తీసుకున్న క్యాబిన్‌లో వండితే ఆదివారానికి పులుసు బాగా ఊరుతుంది కదా అని, నాలుగు కుటుంబాలకి ఆదివారం రాత్రి భోజనానికి రమ్మని మెసేజ్ కూడా పెట్టాను.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నారు మా ఆయన స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా.

ఇంకొకటి కూడా సర్దాను. మా పుట్టిల్లు రావులపాలెం. అరటి గెలల బేరాల మధ్య పెరిగినదాన్ని. ఊరికి బయల్దేరే మనిషి సంచిలో అరటిపండు లేకపోతే నాకు తోచదు. ఇక్కడ దొరికేవాటికి చక్కెరకేళి రుచీ లేదు, అమృతపాణి వాసనా లేదు. అయినా పండు పండే. ఆరేళ్లూ ఆయన చేపల ట్రిప్పుకి వెళ్తున్నప్పుడల్లా లంచ్ బాక్సులో ఒకటి పెట్టాను, జాకెట్ జేబులో ఒకటి దోపాను.

కార్నింగ్: ఆలివ్ కాయల ఊరు

హైవే మీద కార్నింగ్ అనే చిన్న ఊళ్లో ఆగాం. ఊరంతా ఆలివ్ తోటలు. దుకాణంలో రకరకాల ఊరగాయ ఆలివ్‌లు గిన్నెల్లో పెట్టి, పుల్లతో గుచ్చుకుని ఎన్నైనా రుచి చూడమంటారు. వెల్లుల్లి కుక్కినవి, మిరపకాయ కుక్కినవి, బాదంపప్పు కుక్కినవి. ఊరికే పెడుతున్నారు కదా అని నేను కాస్త ఎక్కువే రుచి చూశాను. చెట్టు మీది కాయ కొరికితే ఎలా ఉంటుందని కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని అడిగాను.

"ఒక్కసారి కొరికితే రెండోసారి అడగరు" అంది ఆ అమ్మాయి. వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మార్చి, ఉప్పులో వేస్తే గానీ చేదు వదలదట. మన ఉసిరికాయ నయం, కొరికాక మంచినీళ్లు తాగితే తియ్యదనమైనా ఇస్తుంది.

ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది. స్టీల్‌హెడ్ కోసమన్నాను. వాళ్ల తాతకి జీవితంలో ఒక్కటే పడిందట. ఆ ఫోటో ఇంట్లో హాలులో పెళ్లి ఫోటో పక్కనే ఉంటుందట. "మా నానమ్మకి ఇప్పటికీ కోపమే. చేప ఫ్రేమే పెద్దది" అంది.

మా ఆయన నవ్వలేదు. ఆ ఫ్రేము కొలత అడుగుతారేమోనని నాకు అనుమానం వేసింది.

వీవర్‌విల్: కోడి మెడలు

కొండల మధ్య వీవర్‌విల్ పాతకాలపు బంగారు గనుల ఊరు. అప్పట్లో గనుల పనికొచ్చిన చైనావాళ్లు కట్టుకున్న గుడి ఇంకా ఉంది. మేం వెళ్లేసరికి మూసేశారు. గుమ్మం ముందు చెప్పులు విప్పబోయి, తలుపుకి తాళం చూసి మళ్లీ తొడుక్కున్నాను.

గుడి దొరక్కపోయినా చేపల సామాన్ల దుకాణం దొరికింది. ఇక్కడ ఎరకి వానపాములు పెట్టరు. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, జరీలాంటి దారం చుట్టి, ఈగనో రొయ్యపిల్లనో భ్రమపడేలా చేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. కొక్కేనికి, గుచ్చుకున్నాక ఊడకుండా ఆపే వెనకముల్లు కూడా ఉండకూడదు, చేపకి గాయం ఎక్కువ కాకుండా. గోడంతా కోడి మెడలు వేలాడుతున్నాయి. మెడ తోలు ఈకలతో సహా ఎండబెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. ఒక్కో మెడ ధర చూస్తే మా ఊళ్లో మేకపిల్ల వస్తుంది.

"కోడి మాంసం ఏం చేస్తారు?" అని దుకాణం పెద్దాయన్ని అడిగాను.

"ఏమో. ఈ కోళ్లని ఈకల కోసమే పెంచుతారు. తరాల తరబడి మెడ ఈకలు పొడుగ్గా రావాలని ఎంచి మరీ" అన్నాడాయన.

మావైపు కోడిని కాళ్ల కోసం, పౌరుషం కోసం ఎంచి పెంచుతారనీ, రంగుని బట్టి కాకి, డేగ, నెమలి అని పేర్లుంటాయనీ చెప్పాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి ఒక్కో మెడా కిందికి దించాడు. నేను పేరు చెప్తూ పోయాను. నల్లది కాకి, ఎర్రది డేగ. నలుపూ తెలుపూ చారలున్న దానికి మాత్రం ఏం చెప్పాలో తెలీక మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్లైలు ఏరుకుంటున్నారు, మా మాటలు వినే స్థితిలో లేరు.

డబ్బు తీసుకుంటూ పెద్దాయన ఒక హెచ్చరిక చేశాడు. వీపు మీద, తోకకి దగ్గరగా, చిన్న కండ రెక్క ఒకటి ఉంటుందట. హేచరీలో పుట్టిన పిల్లలకి దాన్ని కత్తిరించి ఏట్లో వదులుతారు. రెక్క లేని చేప దొరికితే వండుకోవచ్చు. రెక్క నిండుగా ఉంటే అది ఏట్లో పుట్టిందని అర్థం. నీళ్లలోంచి పైకెత్తకుండానే వదిలేయాలి.

"రెక్క లేనిదే పడుతుంది లెండి" అన్నాను. కారులో దాక ఉంది కదా, ఆ ధైర్యం.

లూయిస్టన్ సరస్సు: తొక్కుడు పడవ

మర్నాడు ఏటికి పైన ఉన్న లూయిస్టన్ సరస్సుకి తీసుకెళ్లారు. నాకు నీళ్లు అలవాటు చేయడానికట. ఇక్కడ కయాక్‌లు అద్దెకిస్తారు. కూర్చుంటే నడుము దాకా నీళ్ల మట్టానికి ఉండే సన్నటి పడవ. గోదారి ఒడ్డున పుట్టినా నేను నావలో కూర్చున్నదాన్నే గానీ తెడ్డు పట్టినదాన్ని కాదు. కుడివైపు బలంగా వేస్తే ఎడమకి తిరిగింది. సర్దుదామని ఎడమవైపు వేస్తే వెనక్కి తిరిగింది. కాసేపటికి గాలి నన్ను తుంగలోకి నెట్టేసింది. మా ఆయన ఒడ్డు మీద ఎక్కడో దూరంగా చుక్కలా ఉన్నారు.

నన్ను బయటికి లాగింది నోరా అనే ఆవిడ. రిటైరైన నర్సు. ఆవిడ కయాక్‌కి సైకిల్లా పెడల్స్ ఉన్నాయి. కాళ్లతో తొక్కుతుంటే పడవ పోతుంది, చేతులు గాలానికి ఖాళీగా ఉంటాయి. ముందు ఒక కుక్క కూర్చుని ఉంది, దానికీ లైఫ్ జాకెట్. నా పడవని తాడుతో తన వెనక కట్టుకుని తొక్కుతూనే రెండు ట్రౌట్‌లు పట్టింది, రెంటినీ వదిలేసింది.

నాకు ఉండబట్టలేదు. "అన్నీ వదిలేసేదానికి పట్టడమెందుకు?"

ఏదో గొప్ప మాట చెప్తుందనుకున్నాను. "నాకు చేప వాసన గిట్టదు" అంది నోరా. "పట్టడం ఇష్టం, తినడం కాదు. నా కుక్కకి కూడా చికెనే కావాలి."

తర్వాత నన్నడిగింది, మీ ఆయనకి ఏం పడిందని. ఆరేళ్ల కథా, భుజం కథా చెప్పాను. పెడల్స్ ఆపి నా వైపు తిరిగింది. భుజాల సర్జరీలు చాలా చూసిందట. "రేపు ఆయన్ని ఎక్కువ విసరనివ్వకు" అంది. "కానీ ఆపడం నీ వల్ల కాదులే." ఒడ్డుకి చేర్చాక నేనొక అరటిపండు ఇస్తే అక్కడే ఒలుచుకుని సగం కుక్కకి పెట్టింది. తెచ్చినందుకు ఆ ఒక్కటైనా సద్వినియోగమైందని సంతోషించాను. ఆ సంతోషం ఎంతసేపు ఉంటుందో అప్పుడు తెలీదు.

ట్రినిటీ ఏరు

శనివారం తెల్లారుతూనే గైడ్ రాయ్ రేవు దగ్గర పడవతో సిద్ధంగా ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేవాడు. మాట్లాడితే ఆపడు, చెప్పిన జోస్యం ఒక్కటీ నిజం కాదు. ఎండ వస్తుందన్నాడు, మంచు దిగింది. ఈ మలుపులో తప్పకుండా అన్న ప్రతి మలుపులోనూ ఏమీ లేదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. అసలు ముందే ఒక గొడవైంది.

పడవలోకి నా సంచి అందుకుంటూ రాయ్ ఆగిపోయాడు. "మేడమ్, ఈ పసుప్పచ్చగా కనిపిస్తున్నవేంటి?"

"అరటిపళ్లు. నీకు కూడా తెచ్చాను."

అతను సంచిని రెండు చేతులతో ఒడ్డు మీద పెట్టేశాడు, పామున్న బుట్టని దించినట్టు. చేపల పడవలోకి అరటిపండు రాకూడదట. వస్తే చేప పడదట. ఎందుకని అడిగాను. పాతకాలం ఓడల సంగతేదో చెప్పబోయి, చివరికి తనకీ తెలీదన్నాడు. "మా నాన్న పడవలోకి రాలేదు. నా పడవలోకీ రాదు."

మా దగ్గర పెళ్లికీ, పూజకీ, వ్రతానికీ ముందు తెచ్చేది ఇదేనని చెప్పాను. మర్యాదగా విన్నాడు. "మీ ఇంట్లో మంచిదే అయ్యుంటుంది మేడమ్" అని తన ట్రక్కు తాళాలు ఇచ్చాడు. అరటిపళ్ల అత్తం తీసుకెళ్లి ట్రక్కులో పెట్టొచ్చాను. రావులపాలెం మార్కెట్ మొత్తాన్ని గెంటేసినట్టు అనిపించింది.

పడవ కదిలాక తెలుగులో అడిగాను. "ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు" అన్నారు మా ఆయన, గాలం దారం చుట్టే రీలు వైపు చూస్తూ.

"ఎప్పట్నించి?"

"మొదటి ఏడాదే చెప్పారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"తర్వాత మాట్లాడుకుందాం వాణీ. నీళ్లు బాగున్నాయి."

నీళ్లు నిజంగానే బాగున్నాయి. ఆకుపచ్చ గాజులా, అడుగున రాళ్లు కనిపిస్తూ. నాకే బాగాలేదు. శకునాలు పిచ్చి మాటలని కొట్టిపారేసే మనిషినైతే బాధ లేదు. పిల్లి ఎదురైతే ఆగుతాను, ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్లు తాగి లేస్తాను. మన శకునం నిజమూ, వాళ్ల శకునం అబద్ధమూ అని ఏ నోటితో అనను? ఆరేళ్లు ఆయన చేపకి అడ్డం పడింది నేనేనా అని మనసు ఒకటే పీకింది.

మా ఆయన విసురుతూనే ఉన్నారు. ఫ్లైని ఏటికి అడ్డంగా విసిరితే, ప్రవాహం దాన్ని వంపుగా లాక్కుపోయి పడవ వెనక తిన్నగా వేలాడేలా చేస్తుంది. వెనక్కి లాగి మళ్లీ విసరడం. పొద్దుటినుంచీ అదే. ఒక్కో విసురుకీ ఆయన దవడ బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. రెక్క లేని చేప, రెక్క ఉన్న చేప అన్న పట్టింపు నాకప్పటికే పోయింది. ఏదో ఒకటి పడితే చాలు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న క్యాబిన్‌లో, అలవాటుగా, ఆయన జాకెట్ లోపలి జేబులో ఒక పండు దోపాను. అది ఇంకా అక్కడే ఉంది. రాయ్‌కి తెలీదు.

చెప్తే రాయ్ ముందు తల కొట్టేసినట్టవుతుంది. చెప్పకపోతే పాపం. జేబులోంచి మెల్లగా తీసి నీళ్లలో జారవిడుద్దామా అంటే, ఒక పండుని ఏట్లో పారేయడానికి చెయ్యి రాలేదు. అలా తేల్చుకోలేక కూర్చున్నాను.

మధ్యాహ్నం తిండి అయిన కాసేపటికి ఆయన రాడ్ ఎత్తబోయి సగంలో ఆపేశారు. "చెయ్యి ఇంక లేవడం లేదు" అన్నారు నాతో, తెలుగులో. రాయ్ లంగరు వేసి, తను విసిరి రాడ్ చేతికిస్తానన్నాడు. మా ఆయన వద్దన్నారు. "నేను విసిరిందే ఉండనీ. అయిపోతే అయిపోయింది."

ఎడమ చంకలో రాడ్ ఇరికించుకుని కూర్చున్నారు. దారం పడవ వెనక నీళ్లలో ఊరికే వేలాడుతోంది. ఆయన జాకెట్లోకి చెయ్యి పోనిచ్చి ఆ అరటిపండు తీశారు. నేను కళ్లు మూసుకున్నాను.

"సారీ రాయ్" అన్నారు. "ఇది మా ఆవిడ పెట్టింది."

రాయ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని అవతలి ఒడ్డు కేసి చూస్తూ కూర్చున్నాడు, ఇంటాయన పోయిన చోట పలకరింపుకి వచ్చినవాడిలా. మా ఆయన పండు ఒలిచి, సగం నోట్లో పెట్టుకున్నారు. రీలు గిర్రున తిరిగింది.

ఆ తర్వాత ఎవరేం అరిచారో నాకు వరసగా గుర్తులేదు. రాడ్ విల్లులా వంగింది. దూరంగా నీళ్లు పగిలి వెండి చేప ఒకటి గాల్లోకి లేచి పడింది. రాయ్ "లాగొద్దు, పోనీ, పోనీ" అంటున్నాడు. రీలు తిప్పడానికి ఆయన కుడి భుజం ఒప్పుకోవడం లేదు. నోట్లో పండు అలాగే ఉంది, మింగడానికి తీరికా లేదు, ఉమ్మడానికి మనసూ లేదు. ఆ నోటితోనే "వాణీ, తిప్పు" అన్నారు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని తిప్పాను. "ఆపు" అంటే ఆపాను. రాడ్ ఆయన ఎడమచేతిలో, రీలు నా చేతిలో. చేప మమ్మల్నిద్దర్నీ చాలాసేపు ఆడించింది.

చివరికి పడవ పక్కన రాయ్ వలలోకి వచ్చింది. నా మోచేతి పొడుగు దాటి ఉంది. పక్కల గులాబీ చార. రాయ్ వేలితో చూపించాడు. తోక దగ్గర చిన్న రెక్క, నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది.

నిజం చెప్పొద్దూ, నోట్లో నీళ్లూరాయి. దాకా, చింతపండూ, నాలుగు కుటుంబాలూ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "మీ చెయ్యి కింద పెట్టండి" అన్నాను ఆయనతో. "నేను తోక పట్టుకుంటాను."

నీళ్లలో ఎముకలు కొరికే చలి. ఆయన ఎడమచెయ్యి చేప పొట్ట కింద, నా చెయ్యి తోక మీద. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. కాసేపు మాతోనే ఉంది. ఉన్నట్టుండి నా అరచేతిలో ఒక్క తోపు తోసి వెళ్లిపోయింది. మా ఆయన ఏడుస్తున్నారు. చేతులు తడిగా ఉండి తుడుచుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది, అంత సంతోషంగా ఈ మధ్యకాలంలో నేను ఏడవలేదు.

సాయంత్రం దిగువ రేవులో దిగేసరికి రాయ్ ట్రక్కుని అతని మనిషెవరో అక్కడికి తెచ్చి పెట్టారు. రాయ్ తిన్నగా అందులోంచి ఒక అరటిపండు తీసుకుని ఒలిచాడు.

"అదేంటి?" అన్నాను.

"ఒడ్డు మీద తప్పు లేదు మేడమ్. ఆకలేస్తోంది." సగం తిన్నాక ఆలోచించి మరో మాట అన్నాడు. "జేబులోది కూడా లెక్కలోకి రాదనుకుంటాను. పడవలో పెట్టలేదు కదా."

మా అమ్మమ్మ కూడా మడిలో ఇలాంటి సందులే వెతికేది.

ఆ సాయంత్రం క్యాబిన్‌లో దాకలో కోడిగుడ్లు వేసి పులుసు పెట్టాను. బెండకాయలు వృథా కాలేదు.

తిరుగు దారి

ఆదివారం కొండలు దిగి కార్నింగ్ దగ్గరికొచ్చాక అడిగాను. "ఇప్పుడు చెప్పండి. తెలిసీ ఆరేళ్లు ఎందుకు పట్టుకెళ్లారు? ఏ చెత్తబుట్టలోనో పడేస్తే నాకేం తెలుస్తుంది?"

ఆయన కారు కొంచెం నెమ్మది చేశారు. "పడవ ఎక్కకముందే తినేసేవాణ్ణి. కొన్నిసార్లు తినడం కుదిరేది కాదు, జేబులో ఉండిపోయేది. చేప లేకుండా ఇంటికి రావచ్చు వాణీ. నువ్వు పెట్టింది పారేసి ఎలా వస్తాను?"

నేను కిటికీలోంచి ఆలివ్ తోటలు చూస్తూ కూర్చున్నాను.

రాత్రి భోజనానికి నాలుగు కుటుంబాలూ వచ్చాయి. దారిలో కొన్న వంజరంతో పులుసు పెట్టాను, బాగుందన్నారు. ఆ హడావిడిలోనే రాయ్ తీసిన ఫోటో అందరికీ చూపించాం. అందులో వంగిన రాడ్ ఉంది, మోకాళ్ల మీద నేనున్నాను, నోట్లో సగం అరటిపండుతో మా ఆయన ఉన్నారు. చేప లేదు, అప్పటికి నీళ్లలో ఉంది. "చేపేది ఆంటీ?" అని పిల్లలు అడిగారు. ఆ ఫోటోనే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం, మా పెళ్లి ఫోటో కంటే కొంచెం చిన్నది.

సర్జరీ రోజు ఖాళీ కడుపుతో రమ్మన్నారు. మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. తెల్లవారుజామున ఆయన జాకెట్ తొడుక్కుంటూ లోపలి జేబు తడిమి చూసుకుని, నా వైపు చూసి నవ్వారు.

"తర్వాత తినండి" అన్నాను.